మా చెల్లెలి రెండు పుట్టినరోజులు

టీచరుగారు పోయారన్న సంగతి నాకు మా ఊరి వాట్సాప్ గ్రూపులో తెలిసింది. ఆ రోజు గ్రూపులో ఎవరిదో పుట్టినరోజు. పొద్దున్నుంచీ కేకుల బొమ్మలూ, బెలూన్లూ, చప్పట్లు కొట్టే ఎలుగుబంట్లూ వస్తూనే ఉన్నాయి. వాటి మధ్య టీచరుగారి తమ్ముడి కూతురు పెట్టిన రెండు ముక్కలు కనిపించాయి. "మా అత్తయ్యగారు ఈ తెల్లవారుజామున ప్రభువునందు నిద్రించారు. సమాధి కార్యక్రమం ఈ సాయంత్రం." దాని కింద ఒకాయన చూసుకోకుండా హ్యాపీ బర్త్‌డే అని పెట్టి, కాసేపటికి తీసేసి, దండం బొమ్మ పెట్టాడు. తణుకులో నేను పనిచేసే కాలేజీ ఆఫీసులో కూర్చుని అదంతా చూశాను. నవ్వూ రాలేదు, ఏడుపూ రాలేదు. సెలవు చీటీ రాసిచ్చి బస్సెక్కాను.

మా ఊరు కొవ్వూరుకి ఇవతల, కాలవ గట్టు పక్కన. ఆవిడ మా ఎలిమెంటరీ స్కూల్లో రెండో తరగతికి చెప్పేవారు. భర్త చిన్న వయసులోనే పోయారు, పిల్లల్లేరు. లూథరన్ చర్చి పక్క సందులో పెంకుటిల్లు. ఇల్లు చిన్నది, దొడ్డి పెద్దది. మా ఇంటికీ వాళ్ళ ఇంటికీ మధ్య నాలుగిళ్ళు. ఆవిడ రిటైరయ్యాక ఇంకొకావిడ వస్తే ఊరంతా ఆవిణ్ణి కొత్త టీచరు అన్నారు. ఆ కొత్త టీచరు కూడా రిటైరయి వెళ్ళిపోయింది. మా ఊళ్ళో టీచరుగారంటే మాత్రం చివరిదాకా ఈవిడే.

పోయినవాళ్ళ గురించి రాసేటప్పుడు చెయ్యి దానంతటదే మెత్తబడుతుంది. కాబట్టి ముందే చెప్పేస్తాను. ఆవిడ మెత్తని మనిషి కాదు. చెవి మెలిపెడితే మధ్యాహ్నందాకా ఎర్రగా ఉండేది. ఎవరింట్లోనైనా కాఫీ బాగుండకపోతే "ఏంటండీ ఇది, కడుగునీళ్ళలా ఉంది" అని అక్కడే అనేసి, అదే కాఫీ పూర్తిగా తాగి గ్లాసు కడిగిచ్చి వచ్చేవారు. పెళ్ళిళ్ళలో పిల్ల అందంగా ఉందా అని అడిగితే "చీర బాగుంది" అనేవారు. ఆవిడంటే భయపడే అమ్మలు ఊళ్ళో చాలామంది ఉండేవారు. మా అమ్మ అందులో మొదటిది.

కానీ పుట్టినరోజుల విషయంలో ఆవిడకి ఒక పట్టుదల ఉండేది. ఆ రోజుల్లో మా బడిలో పుట్టినరోజంటే రైసుమిల్లు వాళ్ళబ్బాయి పంచే చాక్లెట్లే. మిగతా వాళ్ళం పుట్టామన్న సంగతి బడికి పట్టేది కాదు. టీచరుగారి క్లాసులో అలా కుదిరేది కాదు. ఎవరి పుట్టినరోజైతే వాళ్ళని తన బల్ల పక్కన కుర్చీలో కూర్చోబెట్టేవారు. బల్ల మీద గాజుగ్లాసులో నీళ్ళు పోసి, ఆ నెలకి చెందిన పువ్వు ఒకటి, తన దొడ్లోంచి తెచ్చింది, వేసేవారు. తరవాత క్లాసులో ఒక్కొక్కళ్ళూ లేచి, ఆ పిల్లో పిల్లాడో చేసిన పని ఏదైనా, తాము కళ్ళతో చూసింది, చెప్పాలి.

"మంచివాడండి" అని ఎవరైనా మొదలుపెడితే ఆవిడ ఊరుకునేవారు కాదు. "మంచివాడో కాదో నిన్నెవరు అడిగారు? వాడేం చేస్తుంటే చూశావో అది చెప్పు." అప్పుడు వాళ్ళు కళ్ళు పైకెత్తి వెతుక్కునేవారు. మొన్న నా పుల్ల ఐసు కింద పడితే వాడి పుల్లలో సగం విరిచిచ్చాడండి. కుక్కపిల్ల కాలవలో పడితే వాళ్ళ నాన్నని పిలుచుకొచ్చాడండి. ఒకసారి ఒక పిల్లాడి గురించి ఎవరికీ ఏమీ తోచలేదు. టీచరుగారు గడియారం చూసుకుంటూ కూర్చున్నారు. ఆఖరికి వెనక బెంచీలోంచి ఒకమ్మాయి లేచి "రోజూ గేటు వేసి వెళ్తాడండి, మేమెవరం వెయ్యం" అంది. ఆ పిల్లాడి మొహం నాకిప్పటికీ గుర్తుంది. ఇప్పుడు వాడు రాజమండ్రిలో పెద్ద బట్టల షాపులో పనిచేస్తాడు.

నెలకో పువ్వన్న ఆలోచన ఆవిడది కాదు. చర్చికి వచ్చిన ఎవరో అతిథులు ఇచ్చిన ఇంగ్లీషు క్యాలెండరులో ఉందట. జనవరికి ఒక పువ్వు, ఫిబ్రవరికి ఒకటి. ఆవిడ దాన్ని క్లాసుకి తెచ్చి మాకు బొమ్మలు చూపించారు. ఒక్కటీ మేం చూసిన పువ్వు కాదు. అందులో ఒకటి మంచులోంచి తల పైకి పెడుతుందట. మాకు తెలిసిన మంచు ఐసుబండిలో ఉండేదే. "ఇవి చలిదేశం పిల్లల పూలు. ఆ పిల్లలకి అవి బాగుంటాయి. మనకెందుకు?" అని క్యాలెండరు చుట్టి సంచిలో పెట్టేసుకుని, నల్లబల్ల పక్క గోడ మీద సుద్దముక్కతో మా పూలు రాశారు. జనవరికి బంతి. ఫిబ్రవరికి మామిడిపూత. మార్చికి వేపపూత. అది పువ్వేంటండీ, చేదు కదండీ అని మార్చిలో పుట్టినవాళ్ళు గొడవ చేశారు. "చేదైతే పువ్వు కాకుండా పోతుందా, కూర్చో" అన్నారు. ఏప్రిల్‌కి మల్లె, మేకి తురాయి, జూన్‌కి సన్నజాజి, అలా డిసెంబరు దాకా. డిసెంబరుకి ఆలోచించుకోవలసిన పని లేదు, ఆ నెల పేరుతోనే పువ్వుంది.

"మరి మీ పుట్టినరోజు ఎప్పుడండీ?" అని నేనే అడిగాను.

"గుడ్‌ఫ్రైడే నాడు పుట్టానట. ఆ రోజు ఎవరైనా కేకు కోస్తారటే?" అన్నారు. అక్కడితో ఆ మాట అయిపోయింది.

ఒక చిక్కు మాత్రం ఉండేది. మా క్లాసులో సగానికి సగం మందిమి జూన్‌లోనే పుట్టాం. అంటే, బడిలో అలా రాయించారు. ఆ రోజుల్లో బడిలో వెయ్యడానికి పిల్లని తీసుకెళ్ళిన నాన్న, అయిదేళ్ళు నిండాయని చెప్పడానికి ఏదో ఒక జూన్ తేదీ చెప్పేవాడు, హెడ్మాస్టరుగారు రాసుకునేవారు. మా వయసు వాళ్ళందరికీ ఇంటి పుట్టినరోజు ఒకటి, బడి పుట్టినరోజు ఒకటి. ఇంటిది తిథీ నక్షత్రం లెక్కన పెద్దవాళ్ళు చూసుకునేవారు, కొందరికి అదీ లేదు. టీచరుగారు "నాకు బళ్ళో ఉన్న తేదీయే లెక్క" అనేవారు. అంచేత బడి తెరిచిన జూన్ నెలంతా ఆవిడ బల్ల మీద సన్నజాజులే. క్లాసంతా వాసన. ఆ నెలలో ఆవిడ దొడ్లో జాజితీగకి ఒక్క పువ్వు మిగిలేది కాదు.

నాకంటే మూడు క్లాసులు చిన్నదయిన మా చెల్లెలు సునీత నేను అయిదో తరగతిలోకి వచ్చిన ఏడు జూన్‌లో ఆవిడ దగ్గర చేరింది, ఆ జూన్‌లోనే కుర్చీలో కూర్చుంది. ఆ ఏడాది వానాకాలం చివర్లో జ్వరం వచ్చి, అది మెదడువాపని తెలిసేలోపు పోయింది. డాక్టర్లు చెయ్యగలిగింది చేశారు. ఆ ఏడు మా చుట్టుపక్కల ఊళ్ళలో ఆ జ్వరం చాలా ఇళ్ళకి వచ్చింది. ఇంతకంటే దీని గురించి రాయను.

రాయవలసింది ఆ తరవాత సంగతి. మా ఇంట్లో సునీత పేరెత్తడం ఆగిపోయింది. అలాగని ఎవరూ పెట్టిన రూలు కాదు. అమ్మ దాని గౌన్లు మూటగట్టి ఎక్కడో ఇచ్చేసింది. గోడ మీది ఫోటో తీసి పెట్టె అడుగున పెట్టింది. చుట్టాలు ఎవరైనా "పాపం ఆ చిన్నది" అని మొదలుపెడితే అమ్మ లేచి పొయ్యి దగ్గరికి వెళ్ళిపోయేది. నాన్న పొలం నుంచి వచ్చేవారు, తినేవారు, పడుకునేవారు. నాకు పదేళ్ళు. పరీక్షలకి చదువుకుంటూ ఉండగా ఒకరోజు, సునీత గొంతు ఎలా ఉండేదో గుర్తు తెచ్చుకుందామని చూస్తే రాలేదు. చాలా భయం వేసింది. ఎవరినైనా అడుగుదామంటే ఇంట్లో ఆ మాట ఎత్తడానికి లేదు. ఇలాగే ఒక్కొక్కటీ పోతూ ఉంటే, కొన్నాళ్ళకి మా ఇంట్లో అలాంటి పిల్ల ఒకత్తి ఉండేదన్న సంగతే లేకుండా పోతుందనిపించింది.

మరుసటి జూన్‌లో, సునీత బడి పుట్టినరోజు నాడు, సాయంత్రం బడి వదిలాక టీచరుగారు మా ఇంటికి వచ్చారు. చేతిలో ఆకులో చుట్టిన సన్నజాజులు. "చెల్లెమ్మా" అని అమ్మని ఒక్కసారి పిలిచారు. అమ్మ వంటింట్లోంచి చూసి, రాలేదు. ఆవిడ నాతో "గ్లాసులో నీళ్ళు తీసుకురా" అన్నారు. తెచ్చాను. అరుగు మీద గ్లాసు పెట్టి, పువ్వు వేసి, పక్కన కూర్చున్నారు. కూర్చుని, గుమ్మం వైపు చూస్తూ, లోపలికి వినపడేలా, బళ్ళో పాఠం చెప్పే గొంతుతోనే చెప్పారు:

"కిందటేడు ఇదే నెలలో మా క్లాసులో పెంకుల్లోంచి వాన కారింది. సునీత పక్కపిల్ల పలకని గౌనులో దాచింది. తన పలక తడిసిపోయింది. నేను చూశాను."

అంతే. గొడుగు తీసుకుని వెళ్ళిపోయారు. ఆవిడ చెబుతున్నంతసేపూ వంటింట్లో అమ్మ గిన్నెలు గట్టిగా కడుగుతూనే ఉంది. నాకు మాత్రం ఆ అరుగు మీద నుంచి లేవాలనిపించలేదు. ఎవరో మా చెల్లిని చూశారు, దాని పేరు గట్టిగా పలికారు. ఆ సాయంత్రం నేనెంత సంతోషించానో ఇప్పటికీ చెప్పగలను.

ఆ మరుసటి ఏడూ వచ్చారు. ఆపైన ప్రతి జూన్‌లోనూ వచ్చారు. రిటైరయ్యాక బడి లేకపోయినా సాయంత్రం బడి వదిలే వేళకే వచ్చేవారు. అరుగు మీద గ్లాసు, జాజిపువ్వు, చూసిన సంగతి ఒకటి. అన్నీ మెచ్చుకోళ్ళు కావు. "బలపాలు తినేది. ఒకసారి పట్టుకుని దెబ్బ వేశాను కూడా" అని ఒక ఏడు చెప్పారు. "కుళాయి దగ్గర చిన్నపిల్లలు తాగేదాకా ఆగేది, ఆగి వాళ్ళమీద నీళ్ళు చల్లేది" అని ఇంకో ఏడు. ఇంకోసారి, "సున్నా అంటే ఏమీ లేదని కదండీ అర్థం, మరి ఏమీ లేనిదాన్ని ఎందుకు రాస్తున్నాం అని అడిగింది. నాకు జవాబు రాలేదు. కూర్చో అన్నాను" అని చెప్పారు.

అమ్మ బయటికి వచ్చేది కాదు. కొన్నేళ్ళకి నా చేత కాఫీ పంపించడం మొదలుపెట్టింది. టీచరుగారు అది తాగి, కాఫీ గురించి తన అభిప్రాయం చెప్పి, వెళ్ళేవారు. ఊళ్ళో కొందరు ఆవిణ్ణి తప్పుపట్టారు. మానుతున్న పుండుని ఎందుకండీ కెలకడం అన్నారు. "మానిందని మీకెవరు చెప్పారు?" అన్నారట.

నేను కాలేజీలో చేరాక నాకో అనుమానం వచ్చింది. ఒక్క పిల్ల గురించి, నాలుగు నెలలు కూడా చదవని పిల్ల గురించి, ఇన్ని సంగతులు ఎలా గుర్తుంటాయి? అమ్మ కోసం కల్పిస్తున్నారేమో. వాళ్ళింటికి వెళ్ళి అడిగేశాను. ఆవిడ మొక్కలకి నీళ్ళు పోస్తున్నారు. చెంబు కింద పెట్టారు. నిజంగా కోపం వచ్చింది ఆవిడకి.

"చూడనిది నేను చెప్పను. కథలు కావాలంటే ఇంకెవరి దగ్గరికైనా వెళ్ళండి."

అండి అని నాతో ఆవిడ మాట్లాడటం అదొక్కసారే. చాలా రోజులు నాతో ముభావంగానే ఉన్నారు. కోపం తగ్గాక ఆవిడే అరటిపళ్ళు పంపించారు.

నాకు పెళ్ళయి, తణుకులో ఉద్యోగంలో చేరి, నాన్న పోయాక, ఒక జూన్‌లో నేను ఇంట్లో ఉండగా టీచరుగారు వచ్చారు. అప్పటికి ఆవిడకి మోకాళ్ళ నొప్పులు. అరుగు ఎక్కడానికి నా భుజం పట్టుకున్నారు. గ్లాసు తెచ్చాను. సన్నజాజి వేశారు. ఆ ఏడు ఏం చెప్పబోయారో నాకు తెలీదు, ఎందుకంటే మొదలుపెట్టకముందే అమ్మ కొంగుతో చెయ్యి తుడుచుకుంటూ గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"టీచరుగారూ, మీరేమీ అనుకోకపోతే ఒక మాటండి."

"చెప్పు చెల్లెమ్మా."

"అది జూన్‌లో పుట్టలేదండి."

అమ్మ గుమ్మం పట్టుకునే చెప్పింది, మొదట్లో కోపంగానే చెప్పింది.

"జూన్‌లో పుట్టడం ఏంటండీ. కోతల్లో పుట్టింది. అయిదేళ్ళని రాయించడానికి వాళ్ళ నాన్న చెప్పిన తేదీ అది. మా సునీత డిసెంబరులో పుట్టింది. ఇంటిల్లిపాదీ చేలో ఉన్నారు. మా అత్తగారొక్కర్తే ఉంది. ఆవిడ కొప్పునిండా డిసెంబరాలు పెట్టుకుని ఉంది. దాన్ని ఒళ్ళోకి తీసుకుని వంగితే ఒక పువ్వు జారి దాని మీద పడింది. పట్టేసుకుందండి. తియ్యబోతే వదల్లేదు. మా అత్తగారు నవ్వీ నవ్వీ, ఇది గడుసుపిండం అవుతుంది అంది. మీరేమో ప్రతీ ఏడూ ఈ జాజులు పట్టుకొస్తారు. దానికీ జాజులకీ ఏంటండీ సంబంధం."

అమ్మ నోట సునీత పేరు నేను విన్నది అన్నేళ్ళలో అదే మొదటిసారి. నేను గ్లాసు వైపు చూస్తూ కూర్చున్నాను. వాళ్ళిద్దరి మొహాలూ చూసే ధైర్యం నాకు లేదు.

"ఇన్నేళ్ళూ చెప్పలేదేం?" అన్నారు టీచరుగారు.

"చెప్పాలంటే దాని పేరెత్తాలి కదండీ" అంది అమ్మ. అని, అక్కడే గుమ్మంలో కూర్చుని ఏడ్చింది. టీచరుగారు ఓదార్చలేదు. ఆవిడకి ఓదార్చడం వచ్చేది కాదు. ఏడుపు ఆగేదాకా కూర్చుని, ఆగాక, "అయితే జూన్‌లో రావడం మానెయ్యనా?" అన్నారు.

అమ్మ ఆలోచించింది. "జూన్‌లోనూ రండి. అది బడిది. డిసెంబరులో ఇంటిది చేసుకుందాం."

తరవాత నేను టీచరుగారిని అడిగాను. జూన్ తేదీలన్నీ ఉత్తుత్తివని ఊళ్ళో అందరికంటే ఆవిడకే బాగా తెలుసు. కావాలనే తప్పు రోజున వచ్చారా, అమ్మ చేత మాట్లాడించడానికి? ఆవిడ నవ్వారు.

"నాకంత తెలివుంటే ఎలిమెంటరీ స్కూల్లో ఎందుకుంటానే? తప్పే చేశాను. మీ అమ్మ దిద్దింది."

అప్పట్నుంచి మా సునీతకి ఏడాదికి రెండు పుట్టినరోజులు. జూన్‌లో టీచరుగారు చెప్పేవారు, అమ్మ వినేది. డిసెంబరులో అమ్మ చెప్పేది, టీచరుగారు వినేవారు. డిసెంబరాలకి వాసన ఉండదు, ఆ ఊదారంగు ఒక్కటే. ఒకసారి నేను కడియం నర్సరీల నుంచి పెద్ద గులాబీలు తెస్తే ఇద్దరూ వాటిని పక్కన పెట్టేశారు. "ఇవి బాగున్నాయి, కానీ నీ చెల్లెలివి కావు కదా" అన్నారు టీచరుగారు. ఫోటో మళ్ళీ గోడెక్కింది. నా పిల్లలకి పిన్ని ఎవరో తెలిసింది. బలపాలు తినే పిన్ని అని వాళ్ళు ఇప్పటికీ అంటారు.

ఒకసారి నేనూ ఆశగా అడిగాను. "అమ్మా, నేను పుట్టినప్పుడు ఏ పూలు పూశాయే?"

"నాకేం తెలుసే. నొప్పులే గుర్తున్నాయి" అంది. కాస్త బాధ వేసింది కానీ, బతికున్నవాళ్ళకి అంత అవసరం లేదని సర్దుకున్నాను.

కిందటి డిసెంబరుకి టీచరుగారు మంచం మీద ఉన్నారు. గుండె నీరసించిందన్నారు. ఆవిడ రాలేకపోతే అమ్మే వాళ్ళింటికి వెళ్ళింది, నేను తోడు వెళ్ళాను. అమ్మ పువ్వు గ్లాసులో వేసి మంచం పక్క స్టూలు మీద పెట్టి, తను చెప్పవలసింది చెప్పింది. సునీత నేర్చుకున్న మొదటి మాట కాకి అని. చెప్పి, "మీరూ ఒకటి చెప్పండి" అంది.

"నా దగ్గర కొత్తవి లేవు చెల్లెమ్మా. ఉన్నవన్నీ చెప్పేశాను."

"పాతదే చెప్పండి" అంది అమ్మ.

వాన కారిన రోజు సంగతి మళ్ళీ చెప్పారు. ఊపిరి అందక మధ్యలో ఆగుతూ చెప్పారు. ఒక్క ముక్క కలపలేదు, ఒక్క ముక్క తియ్యలేదు. అమ్మ అది మొదటిసారి వింటున్నట్టే వింది. ఒక రకంగా మొదటిసారే, ఎందుకంటే అప్పుడు గిన్నెలు కడుగుతోంది.

వేసవి మొదట్లో పోయారు. సమాధుల తోటలో చాలామంది ఉన్నారు. ఆవిడ చేత చెవి మెలిపెట్టించుకున్నవాళ్ళే సగం పైన. పాటలు పాడారు. అమ్మకి ఆ పాటలు రావు. చివరిదాకా నిలబడి, అందరితోపాటు గుప్పెడు మట్టి వేసి వచ్చింది. దారిలో నాతో, "ఇంక సునీత సంగతి నాకెవరు చెబుతారే" అంది.

"నేను చెబుతాను" అన్నాను.

"నువ్వేం చూశావు. ఎంతసేపూ దానితో దెబ్బలాటే కదా నీకు." అని కొంతదూరం నడిచాక, "సరే, ఆ దెబ్బలాటలే చెప్పు" అంది. చెప్పాను. జడ పట్టుకు లాగితే అది నా చెయ్యి కొరికిన సంగతి. టీచరుగారు మాకు వదిలి వెళ్ళింది ఇదే అనుకుంటాను. ఆవిడకి నేను చాలా రుణపడి ఉన్నాను, ఆ మాట ఆవిడ బతికుండగా ఎప్పుడూ అనలేదు. అన్నా "సరేలే, కూర్చో" అనేవారు.

ఇక్కడితో ఆపుదామనుకున్నాను. కానీ మే నెలలో ఒకటి జరిగింది.

మా వీధి చివర ఇంట్లో కిందటేడు ఒక కుర్రాడు మోటారుసైకిలు మీద నుంచి పడి పోయాడు. ఉద్యోగం వచ్చిన కొత్త. అప్పట్నుంచి వాళ్ళమ్మ గుమ్మం దాటి రాదు, ఎవరితోనూ మాట్లాడదు. ఆ కుర్రాడి నాయనమ్మ కూరలబండి దగ్గర కనిపిస్తే మా అమ్మ అడిగిందట, మీవాడు ఎప్పుడు పుట్టాడండీ అని. "ఆధార్ కార్డులోది కాదు, అసలుది చెప్పండి."

"ఆసుపత్రిలో పుట్టాడండి, రెండూ ఒకటే" అందట ఆవిడ. మేలో పుట్టాడు.

ఫోన్లో నాకు చెప్పి, మే నెలకి టీచరుగారు గోడ మీద ఏం రాశారే అని అడిగింది. తురాయి అని చెప్పాను. చెప్పి, వెళ్ళొద్దమ్మా, ఆవిడ బాధపడుతుంది అన్నాను.

"నేను పడలేదా?" అంది.

ఒంటరిగా పంపలేక ఆ రోజు నేనూ సెలవు పెట్టి వెళ్ళాను. ఎండ మండిపోతోంది. అమ్మ తురాయి రెమ్మ పట్టుకుని వాళ్ళ వరండాలోకి వెళ్ళింది. నాయనమ్మ గ్లాసుతో నీళ్ళు తెచ్చిచ్చి, కోడలున్న గది తలుపు వైపు చూసి, లోపలికి వెళ్ళిపోయింది. ఆ గది తలుపు ఓరగా వేసి ఉంది. అమ్మ పువ్వు గ్లాసులో వేసింది, కింద గచ్చు మీద కూర్చుంది. చెమట తుడుచుకుని, అలవాటు లేకపోయినా గొంతు పెంచి, తలుపుకి చెప్పింది.

"మీ అబ్బాయి ఒకసారి నేను బస్సు దిగి సంచీ మొయ్యలేక నిలబడితే చూశాడండి. సంచీ బండి మీద పెట్టుకున్నాడు. నన్నెక్కమన్నాడు, నాకు భయం అన్నాను. సరేనండి అని, బండి స్టార్టు చెయ్యకుండా తోసుకుంటూ, నా నడకకి తగ్గట్టు పక్కనే నడుచుకుంటూ ఇంటిదాకా వచ్చాడు. నేను చూశాను."

లోపల్నుంచి ఏ చప్పుడూ రాలేదు. నేను లేద్దామన్నట్టు సైగ చేశాను. అమ్మ కదల్లేదు. చెమటకి ఆవిడ జాకెట్టు వీపంతా తడిసిపోయింది. ఆ ఇంట్లో వరండా స్విచ్చులు ఆ గదిలోనే ఉంటాయి. కాసేపటికి తలుపు వెనక టక్‌మని చిన్న చప్పుడయింది. మా అమ్మ తల మీద ఫ్యాను మెల్లగా తిరగడం మొదలైంది.